హయ్యర్ మ్యాథ్స్‌కు వేసిన చీటీలు

అండమాన్‌లోని మాయాబందర్ స్కూల్లో తొమ్మిదో తరగతికి వచ్చినవాళ్లు మామూలు లెక్కలో, హయ్యర్ మ్యాథ్సో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మామూలు లెక్కలైతే దిగులు లేకుండా పాసైపోవచ్చు, కానీ ఆ తర్వాత సైన్సు చదువు ఉండదు. హయ్యర్ మ్యాథ్స్‌లో తప్పితే మొత్తం తరగతే తప్పినట్టు. మా ఇంట్లో ఇంకో షరతు కూడా ఉంది. ఒక్కసారి తప్పినా చదువు మాన్పించేస్తానని అమ్మ ముందే చెప్పేసింది.

ఆ ఏడాది హయ్యర్ మ్యాథ్స్ తీసుకుంటామన్నవాళ్లు నలుగురు. నలుగురూ అబ్బాయిలే. లెక్కల మాస్టారు కేరళ నుంచి వచ్చినాయన, పాఠం హిందీలో చెప్పేవారు. ఒకరోజు జెట్టీ దగ్గర నాన్నను ఆపి, అమ్మాయిని తప్పకుండా హయ్యర్‌లోనే వేయమని చెప్పారట. నాన్న సర్కారు బోటులో ఖలాసీ. తాళ్లు విసరడం, బోటును కట్టడం ఆయన పని. మాస్టారు తనను నిలబెట్టి మాట్లాడారన్న సంతోషంతో ఆ రోజు ఇంటికి వచ్చారు. అమ్మ ఒప్పుకోలేదు. వారం రోజులు ఇద్దరూ వాదించుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. పై తరగతి వాళ్ల పుస్తకం ఒకటి తెరిచి చూశాను. అందులో అంకెల కంటే అక్షరాలే ఎక్కువ. చాలా భయం వేసింది. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల నాకు భయమని ఎలా చెప్తుంది?

సోమవారం ఫారం ఇచ్చేయాలి. ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న ఈ సంగతి అయ్యగారి ముందు పెట్టారు. పాస్టరు గారిని మేమంతా అయ్యగారనే పిలిచేవాళ్లం. ఎటూ తేలని విషయం వస్తే ప్రార్థన చేసి చీట్లు వేయడం మా సంఘంలో అలవాటు. అపొస్తలులు చేసిన పనే కదా అనేవారు పెద్దలు. అయితే చీటీ తీసే చెయ్యి చదువు రానిదై ఉండాలి. అందుకని ఎప్పుడూ మామ్మే తీసేది. ఆమె మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం తీరం నుంచి భర్తతో వచ్చి, ఆయన పోయాక వలలు బాగుచేస్తూ బతుకుతున్న ముసలామె. గుడి ఊడ్చేది కూడా ఆమే.

చీటీలు రాసేది నేను. మా ఈడు పిల్లలకు తెలుగు మాట్లాడడమే కాని రాయడం అంతంత మాత్రం. నాకు అయ్యగారే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. "నీ సంగతే కదా, నువ్వే రాయమ్మా" అని కాగితం నా చేతికే ఇచ్చారు.

ఒకదాని మీద 'తీసుకో' అని, ఇంకోదాని మీద 'వద్దు' అని రాయాలి. నేను రెండింటి మీదా 'వద్దు' అనే రాశాను.

మడిచి చందా పళ్లెంలో వేశాను. అందరూ మోకరించారు. నీ చిత్తమే జరగనీ ప్రభువా అని అయ్యగారు ప్రార్థిస్తే నేనూ ఆమెన్ అన్నాను. మామ్మ ఒక చీటీ తీసి ఇచ్చింది. అయ్యగారు చదివి బల్ల మీద పెట్టారు. "స్తోత్రం" అంది అమ్మ. నాన్న భుజం మీది తువ్వాలు దులుపుకుని అందరితో పాటు టీ తాగడానికి బయటకు వెళ్లారు. ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

నేను చాపలు చుడుతున్నాను. మామ్మ పళ్లెం తుడవబోయి, మిగిలిన చీటీ విప్పి, బల్ల మీది చీటీ పక్కన పెట్టి చూసింది.

"ఏటే గుంటా, ఇలాగ్రా. ఈ గీతలూ ఆ గీతలూ ఒక్కలాగే ఉన్నాయేటి?"

"తెలుగు అక్షరాలన్నీ అలాగే ఉంటాయి మామ్మా."

"ఓలమ్మో! వల ముడి చూసి ఎవుడల్లాడో సెప్తాను నాను. నాకు సెప్తన్నావా?"

ఏడుపొచ్చింది. "భయమేసింది మామ్మా" అన్నాను.

"బయమైతే బయమని సెప్పు. దేవుడి సంతకం నువ్వెట్టేత్తావేటే?"

తిట్టలేదు, కొట్టలేదు. కొంగుతో నా ముక్కు తుడిచి, నా చెయ్యి పట్టుకుని బయటకు తీసుకుపోయింది. రేకుల కింద అందరూ టీ తాగుతున్నారు. రెండు చీటీలూ అయ్యగారి చేతిలో పెట్టి, "ఈ పిల్ల ఒక మాట సెప్తాదంట" అని నా పక్కనే నిలబడింది. చెప్పాను.

"సిగ్గు లేదూ! దేవుడి ముందే ఈ పని చేస్తావా?" అని అమ్మ లేచింది.

సంఘపెద్ద ఒకాయన గ్లాసు కింద పెట్టి, "ఫిర్ సే వేద్దాం అయ్యగారూ. ఈసారి నేను రాస్తా" అన్నాడు.

"నీకు తెలుగు రాయడం వచ్చా భయ్యా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

అయ్యగారు మాత్రం నవ్వలేదు. "మళ్లీ వద్దు. తప్పు నాదీ ఉంది. పిల్లను అడగకుండా చీట్ల దాకా తెచ్చాను" అని నా వైపు తిరిగారు. "దేనికమ్మా భయం?"

"తప్పిపోతే స్కూలు మాన్పిస్తారు."

"తప్పకపోతే?"

"తప్పకపోతే... నేర్చుకోవాలనే ఉంది అయ్యగారూ."

అప్పుడు నాన్న నోరు విప్పారు. "తప్పితే మళ్లీ చదువుద్ది. ఎవరూ మాన్పించరు." ఆ మాట అమ్మ వైపు చూసి అన్నారు. అమ్మ సరేననలేదు, కాదనీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. నా మోసాన్ని దాచకుండా, నన్ను చిన్నబుచ్చకుండా ఒడ్డున పడేసినందుకు చదువు రాని ఆ మామ్మ కోసం ఇప్పటికీ ప్రభువును స్తుతిస్తూనే ఉన్నాను.

సోమవారం ఫారం ఇస్తూ మాస్టారితో, "డర్ లగ్తా హై సర్, ఫిర్ భీ లూంగీ" అన్నాను. భయంగా ఉంది, అయినా తీసుకుంటానని. ఆయన అబ్బాయిల పేర్ల కింద ఐదోదిగా నా పేరు రాసుకుంటూ, భయపడేవాళ్లే హోంవర్కు చేస్తారన్నారు.

చేశాను. అయినా మొదటి పరీక్షలో యాభైకి పద్నాలుగే వచ్చాయి. ఆ ఆదివారం ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ నేను లేచి, "పద్నాలుగు వచ్చాయి, నాకు భయంగా ఉంది, ప్రార్థన చేయండి" అన్నాను. అంతకు ముందు జ్వరాలకూ, ట్రాన్స్‌ఫర్లకూ, తుఫానులో తిరిగి రాని పడవలకూ చేసిన ప్రార్థనను మా సంఘం ఆ రోజు లెక్కలకు చేసింది. మామ్మ హయ్యర్‌ను అయ్యరు చేసి గట్టిగా, "ఆ అయ్యరు లెక్కలేటో నాకు తెల్దు తండ్రీ, నీకు తెలుసు కదా, గుంటకి సెప్పు" అంది. నా పక్కన మోకరించిన అమ్మ అందరికంటే ముందు ఆమెన్ అంది.