కీ తక్కువైన పద్యం

ఆ రోజుల్లో మా దర్శి ప్రాంతంలో మనిషి గొప్పా, ప్లేటు గొప్పా అని ఎవరైనా అడిగితే మేం ఆలోచించకుండా ప్లేటే అనేవాళ్ళం. మనిషికి జలుబు చేస్తుంది, పొగరెక్కుతుంది, వయసు మళ్ళుతుంది. గ్రామఫోను ప్లేటుకి ఆ బాధలేవీ లేవు, నిన్న ఎలా పాడిందో ఇవాళా అలాగే పాడుతుంది. నాకప్పుడే ఇరవై దాటాయి, పత్తి మిల్లులో గుమాస్తా పని దొరికింది, కాలు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. బేళ్ళు తూకం వేయిస్తున్నా, భోజనానికి కూర్చున్నా నోట్లో ఏదో ఒక నాటకం పద్యం ఆడుతూనే ఉండేది.

మిల్లు ఎదుట కాఫీ హోటల్లో ఊరందరికీ కలిపి ఒకటే గ్రామఫోను. హోటలాయన పరమ పిసినారి (కాఫీలో పాలు పోసేటప్పుడు ఆయన చెయ్యి వణికేది). ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందని కీ కూడా పొదుపుగానే ఇచ్చేవాడు. ఆయన దగ్గరున్న ప్లేట్లలో, అడవిలో రాజు తన కష్టాలు చెప్పుకునే పద్యమంటే మాకు ప్రాణం. ఖంగుమని ఎత్తుకుని, ఆఖరి పాదానికి వచ్చేసరికి రాజుగారి గొంతు నెమ్మదిగా కిందికి జారి, సాగి సాగి, పొట్టలోంచి మూలిగినట్టు ఆగిపోయేది. పాపం గుండె పగిలిందిరా అని మేం కళ్ళు తుడుచుకునేవాళ్ళం. ఆ జారుడు నేర్చుకోడానికి నేను పడ్డ అవస్థ మా అమ్మకి తెలుసు. ఒకసారి నా సాధన విని, గేదె ఈనుతోందనుకుని దొడ్లోకి పరిగెత్తింది.

అంతలో ఆ ప్లేటులో పాడిన నటుడే నాటకానికి మా ఊరొచ్చాడు. తీరా చూస్తే ఆయన రాగం మీద రాగం తీసి, పద్యాన్ని ఎక్కడెక్కడో తిప్పి, ఆఖరి పాదాన్ని పైస్థాయిలో నిలబెట్టి ముగించాడు. జారుడే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, అయ్యా, ప్లేటులో ఉన్నట్టు పాడండి అని కేక వేశాను.

ఆయన కిరీటం సర్దుకుని నావైపు చూశాడు. “ఆ ప్లేటులో పాడింది నేనే నాయనా.”

“అయితే మీకు మాకంటే బాగా తెలిసుండాలి గదండీ,” అన్నాను.

మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన తరవాతి పద్యానికి వెళ్ళిపోయాడు. డబ్బుకి అలవాటు పడి కళని మరిచిపోయాడని మేం తీర్మానించాం.

ఆ ఎండాకాలంలోనే మా మేనమామ నన్ను పెళ్ళిచూపులకని సింగరాయకొండ దగ్గరి ఊరికి తీసుకెళ్ళాడు. పిల్ల తండ్రికి నాటకాల పిచ్చి, ఇంట్లో హార్మోనియం, గ్రామఫోను రెండూ ఉన్నాయి. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. ఒక్కసారి తలెత్తి చూసిందంతే, ఈ సంబంధం తప్పిపోతే నేను బతకనని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. మామయ్య ఊరుకోకుండా, మావాడు పద్యం పాడితే అచ్చం ప్లేటేనండీ అన్నాడు. పిల్ల తండ్రి మహదానందంగా హార్మోనియం ముందుకి లాక్కున్నాడు.

నేను ప్రాణం పెట్టి పాడాను. ఆఖరి పాదం రాగానే గొంతు వదిలేశాను. కిందికి, ఇంకా కిందికి. ఆయన వేళ్ళు హార్మోనియం మెట్ల మీద నాకోసం వెతికి వెతికి ఆగిపోయాయి. మూలుగుతో ముగించి కళ్ళు తెరిచేసరికి, ఆయన సోడా తెమ్మని లోపలికి కబురు పెడుతున్నాడు. సోడా తాగాక, పద్ధతి ప్రకారం, అబ్బాయిని ఏమన్నా అడుగుతావా అమ్మా అన్నాడు కూతురితో.

“మీ ఊళ్ళో గ్రామఫోనుకి ఎవరూ కీ ఇవ్వరాండీ?” అంది పిల్ల.

తిరుగు బస్సెక్కి ఊరొచ్చాం. దిగీ దిగగానే నేను హోటలుకి పరిగెత్తాను. ప్లేటు పెట్టించి, రాజుగారి గొంతు జారడం మొదలవగానే హోటలాయన చెయ్యి తోసేసి కీ తిప్పాను. గొంతు లేచి, లేచి, సరిగ్గా ఆ నటుడు నిలబెట్టిన చోటే నిలబడింది. కీ తక్కువైన ప్లేటుని పట్టుకుని అంత పెద్దమనిషికి పాఠం చెప్పానా అని సిగ్గుతో చచ్చిపోయాను.

కబురు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా నాకు తిండి లేదు, నిద్ర లేదు. మిల్లులో ఒక బేలుని మళ్ళీ మళ్ళీ తూకం వేయిస్తూ, బస్సు హారను వినబడితే బయటికి, వెళ్ళిపోతే లోపలికి తిరిగేవాణ్ణి. మిరపకాయల కల్లాల వెంట నడిచి నడిచి తుమ్ములతో ఇంటికొచ్చేవాణ్ణి.

చివరికి మామయ్యే చెప్పాడు.

“ఒప్పుకున్నార్రా. పిల్లే కావాలందంట. విన్నది విన్నట్టు చేసేవాడు, రేపు నా మాటా వింటాడు అందంటరా.”

ఆమె అంచనా తప్పలేదు. వయసు మళ్ళిన ఈ రోజుల్లో ఎప్పుడన్నా తోచక ఆ పద్యం ఎత్తుకుంటే, ఆఖరి పాదం దగ్గర గొంతు దానంతటదే జారిపోతుంది. అప్పుడు అంత అవస్థపడి నేర్చుకున్నది ఇప్పుడు ఏ సాధనా లేకుండానే వచ్చేసింది. అలా జారుతున్నప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వస్తుంది. నా వీపు మీద పిడికిలి ఆనించి నాలుగు చుట్లు తిప్పుతుంది. నవ్వొచ్చి ఊపిరందదు గాని, అందినంత మేరకి గొంతెత్తి పద్యం పూర్తిచేస్తాను.