వెన్‌కూ ఇఫ్‌కూ మధ్య

కోవిడ్ తరువాత ఆఫీసులు మళ్ళీ తెరిచిన ఏడాది నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో కమ్యూనికేషన్ ట్రైనర్‌గా ఉన్నాను. హోదా పేరు సీనియర్ ట్రైనర్. నా కింద జూనియర్లు ఎవరూ లేరు. విదేశీ క్లయింట్లతో ఫోన్లోనూ మెయిల్లోనూ మాట్లాడే ఉద్యోగుల ఇంగ్లీషు దిద్దడం నా పని. అంతకుముందు రాజమండ్రిలో కాలేజీ లెక్చరర్‌ని. పెళ్ళి చేసుకోలేదు. ప్రగతి నగర్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. చాలామంది ఇంకా ఇంటి నుంచే పనిచేస్తుండడంతో మా అంతస్తులో సగానికి పైగా కుర్చీలు ఖాళీగా ఉండేవి. పొద్దున సెక్యూరిటీ అతనితో ఒక మాట అన్నాక, క్లాసు లేని రోజైతే సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు.

ఆ వానాకాలంలో అనిత అనే అమ్మాయిని నా దగ్గరకు పంపారు. వాళ్ళది నార్సింగి, అది ఇంకా పల్లెగా ఉన్నప్పటి నుంచీ. తెలుగు మీడియంలో చదువుకుంది. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చి, ట్రైనింగ్ కూడా ఇంట్లో కూర్చునే పూర్తిచేసి, మొన్న మొన్ననే ఆఫీసులో అడుగుపెట్టింది. కస్టమర్ల ఫైళ్ళకు నకళ్ళు తీసి భద్రపరిచే సాఫ్ట్‌వేర్ మీద వచ్చే మెయిళ్ళకు జవాబులు రాయడం ఆమె పని.

జరిగింది ఇది. ఒక కస్టమర్ ఏదో సందేహం అడిగాడు. ఒకవేళ సర్వర్ పాడైతే ఆ రోజు ఫైళ్ళు పోతాయని చెప్పబోయి, అనిత "వెన్ ది సర్వర్ ఫెయిల్స్, యు విల్ లూజ్ ది ఫైల్స్" అని రాసింది. ఇఫ్ ఉండాల్సిన చోట వెన్ పడింది. చదివినవాళ్ళకు సర్వర్ పాడవడం ఖాయమన్నట్టు, ఎప్పుడన్నదే తేలాలన్నట్టు అర్థమవుతుంది. ఆ కస్టమర్ కంగారుపడి తన ఆఫీసులో పని ఆపించి, ఫిర్యాదు చేశాడు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే క్లయింటు కంపెనీ మమ్మల్ని వివరణ అడిగింది. అనితను మెయిళ్ళ పని నుంచి తప్పించి పిఐపిలో పెట్టారు. పనితీరు బాగుచేసుకోవడానికి ఇచ్చే గడువును అలా అంటారు. గడువు చివర ఒక పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే రాజీనామా అడుగుతారు.

మొదటి రెండు రోజులు నేను మామూలు పద్ధతిలోనే వెళ్ళాను. ఇఫ్‌తో వచ్చే షరతు వాక్యాల్లో జరగగలిగినదానికి ఫస్ట్ కండిషనల్, ఊహకు సెకండ్, గతంలో జరగకుండా పోయినదానికి థర్డ్ అని బోర్డు మీద రాశాను. ఖాళీలు పూరించమంటే అనిత అన్నీ సరిగ్గా పూరించేది. సొంతంగా ఒక వాక్యం చెప్పమంటే తల వంచుకునేది. ట్రైనింగ్ గదిలో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని నిబంధన. మూడో రోజు తలుపు వేసి తెలుగులో అడిగాను.

"వానొస్తే బట్టలు తీస్తాను అన్నావనుకో. వాన వస్తుందనా, రాకపోవచ్చనా?"

"రెండు మేడం. మబ్బు పట్టి ఉంటే వస్తదనే. లేకుంటే వస్తే గిస్తే తీస్త అని."

"అదేనమ్మా చిక్కు. మనం మబ్బు చూసి అర్థం చేసుకుంటాం. నీ మెయిల్ చదివినాయనకు ఏ మబ్బూ కనబడదు కదా. అందుకని ఏదో ఒకటి నువ్వే తేల్చి చెప్పాలి."

ఆమె మొదటిసారి నవ్వింది. తరువాత థర్డ్ కండిషనల్‌కు వచ్చాం. 'పిలిచి ఉంటే వచ్చేదాన్ని' అన్నప్పుడు, పిలవలేదన్నదీ రాలేదన్నదీ రెండూ ఆ మాటలోనే ఉన్నాయని చెప్పాను.

"మా దిక్కు 'పిలిస్తే వస్తుంటి గద' అంటం మేడం."

"అదే థర్డ్ కండిషనల్. నీకు ముందే వచ్చు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర తినేవాళ్ళం. అంతకుముందు ఆమె తన సీట్లోనే టిఫిన్ డబ్బా తెరిచేదట. "ఎవరు ఎవరో తెల్వదు మేడం. పోయి కూసుంటే ఏమనుకుంటరో అని," అంది.

గడువు చివర పరీక్ష పెట్టింది డెలివరీ మేనేజర్, అంటే ఆ క్లయింటు పని మొత్తానికి బాధ్యుడు. ట్రైనర్ గదిలో ఉండవచ్చు గాని మాట్లాడకూడదు. అనిత మెయిల్ బాగా రాసింది. చివరలో ఆయన, ఆ రోజు సర్వర్ గురించిన ఆ మెయిల్ పంపేముందు ఎవరికైనా ఎందుకు చూపించలేదని ఇంగ్లీషులో అడిగారు. ఆమె ఇంగ్లీషులోనే చెప్పింది.

"ఇఫ్ ఐ హాడ్ నోన్ సమ్‌వన్ హియర్, ఐ వుడ్ హావ్ ఆస్క్‌డ్."

ఇక్కడ నాకు ఎవరైనా తెలిసి ఉంటే అడిగేదాన్ని, అని.

"గుడ్. థర్డ్ కండిషనల్ కరెక్ట్," అని ఆయన మార్కు వేసుకుని తరువాతి ప్రశ్నకు వెళ్ళారు.

బయటకు వచ్చాక అనిత అడిగింది: "తప్పు చెప్పిన్నా మేడం?"

"లేదమ్మా. ఒక్క తప్పు కూడా లేదు."

"మరి నాకెవరు తెల్వదంటే సార్ ఏమనలేదేంది?"

ఆమెను పంపించి తిరిగి లోపలికి వెళ్ళాను. అది వ్యాకరణం కోసం చెప్పిన వాక్యం కాదండీ, నిజంగా జరిగినదే చెప్పిందన్నాను. ఆయన చెడ్డవాడేం కాదు. ల్యాప్‌టాప్ మూశారు. "నా టీంలో సగం మందిని నేనూ స్క్రీన్ మీదే చూశాను మేడం. ఎదురుగా వస్తే గుర్తుపట్టలేను," అన్నారు.

అనిత పరీక్ష గట్టెక్కింది. క్లయింటు మాత్రం ఆమెను తిరిగి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. గచ్చిబౌలి భవనంలో మరో ప్రాజెక్టుకు పంపారు. మొదట్లో భోజనం వేళకు ఫోన్ చేసేది. ఒకసారి, "ఈడ మా సీట్ల లైన్ల ఇద్దరున్నరు మేడం, కలిసే తింటున్నం," అంది. సంతోషించాను. ఆ తరువాత ఫోన్లు తగ్గి ఆగిపోయాయి. క్యాంటీన్‌లో నేను మళ్ళీ ఒక్కదాన్నే తినేదాన్ని. పదవీ విరమణ దాకా అలాగే సాగింది.

ఈ వ్యవహారం నా పనిలో రెండు మార్పులు తెచ్చింది. కండిషనల్స్ పాఠం ఎప్పుడు చెప్పినా తెలుగులోనే మొదలుపెట్టేదాన్ని. ఇంగ్లీషే మాట్లాడాలన్న నిబంధన సంగతి పైవాళ్ళకు రాసి ఒప్పించాను. రెండోది, క్లాసు ముగించేముందు ప్రతి కొత్త ఉద్యోగినీ ఒకటే అడిగేదాన్ని: రేపు సందేహం వస్తే ఎవరిని అడుగుతావు, పేరు చెప్పు. చెప్పలేనివాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవారు. వాళ్ళను సీటు దాకా తీసుకెళ్ళి, పక్క సీటులో ఉన్న మనిషికి పరిచయం చేసి వచ్చేదాన్ని. నా ఉద్యోగ వివరణలో ఆ పని లేదు. మెయిళ్ళలో తప్పులు తగ్గడానికి మాత్రం పాఠం ఎంత పనికొచ్చిందో అదీ అంతే పనికొచ్చింది.