మామ్మ బతికుండగా చదివిన జీవిత చరిత్ర

మా కొల్లేటి ఒడ్డు చర్చిలో ఎవరు పోయినా, పెట్టె మూసేముందు వారి జీవిత చరిత్ర చదివేవారు. పందొమ్మిది వందల ముప్పైల నాటి ఆ రోజుల్లో నేను ఏలూరులో టీచరు ట్రైనింగు చదువుతున్నదాన్ని కనుక అవి రాసే పని నా మెడకు చుట్టుకుంది. మగవాళ్ళకు ఒక పేజీ. ఆడవాళ్ళకు నాలుగు ముక్కలు: ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య, ఇందరు బిడ్డల తల్లి, ప్రభువునందు నిద్రించారు. బతికినన్నాళ్ళూ ఊరందరితో పోట్లాడిన మనిషి కూడా మా చర్చిలో శాంతస్వభావుడిగానే పోయేవాడు.

నేను రాయడం మొదలుపెట్టకముందు మా తాతయ్య పోయినప్పుడు "అయిదుగురు బిడ్డల తండ్రి" అని చదివారు. మామ్మ ఏడుపు ఆపి, "ఆరుగురు" అంది. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు.

దుఃఖం కాదు. కొల్లేరు పొంగిన ఏడు ఊరు వదిలి పోతుంటే, దోనెలోనే మామ్మకు తొలికాన్పు అయింది. ఆడపిల్ల. తెల్లారేదాకా బతికింది. పేరు లేదు, బాప్తిస్మం లేదు, కనుక చర్చి లెక్కలోనూ లేదు. తాను పోయినప్పుడు కూడా అయిదుగురనే చదువుతారని మామ్మకు బెంగ పట్టుకుంది. పెట్టెలోంచి లేచి దిద్దలేదు గదా! అందుకని తన చరిత్ర బతికుండగానే చదివించుకుంటానని కూర్చుంది.

"చావకుండానే జీవిత చరిత్రేంటే అమ్మా, చోద్యం కాకపోతే! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని!" అంది మా అత్త. ఆవిడ మామ్మకు పెద్దకూతురు. ఇంటికి తానే పెద్దదాన్నని అందరిమీదా పెత్తనం చేసే మనిషి. ఇప్పుడు తనకంటే పెద్దది ఒకతె బయల్దేరడం ఆవిడకేమీ నచ్చలేదు.

మామ్మా నేనూ పాస్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన నెమ్మదస్తులు.

"జీవిత చరిత్రంటే పోయినవారికేనమ్మా. స్వీయచరిత్రంటారా, అది పెద్దపెద్దవాళ్ళు రాసుకునేదండీ. బతికున్నవారికి మన దగ్గర, ప్రభువు తమనెలా మార్చాడో సంఘం ముందు చెప్పుకునే సాక్ష్యం ఒకటే ఉంది. కానీ సాక్ష్యమంటే అందులో కాస్త పాపం ఉండాలండీ."

మామ్మ ఆలోచించింది. "మా అత్తగారి నెత్తిన చేపల బుట్ట కుమ్మరించానండి. సరిపోద్దా?"

"పశ్చాత్తాపపడ్డారా?"

"లేదండి. 'ఆడపిల్లేగా, పోతే పోయింది' అందండి ఆవిడ."

పాస్టరుగారు వచ్చే ఆదివారం చదువుదామన్నారు.

నేను రాశాను. మామ్మకు చదువు రాదు. అందుకని నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని మొత్తం కంఠతా పట్టింది. నా ప్రాణం విసిగిపోయింది.

ఆదివారం పాస్టరుగారు చదివారు. చేపల బుట్ట దగ్గర కోడళ్ళు కిసుక్కుమన్నారు, అత్తలు నవ్వలేదు. దోనె దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని కింది పేరాలోకి వెళ్ళిపోయారు. మామ్మ చాప మీంచి లేచింది.

"ఏవండీ, ఒక ముక్క వదిలేశారండి."

ఆయన వెనక్కి వచ్చి చదివారు. తొలిచూలు ఆడపిల్ల, తెల్లారేదాకా బతికింది. మామ్మ కూర్చుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నేనే తుడుచుకున్నాను. మా అత్త మాత్రం మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

కొన్నాళ్ళకు మామ్మ పోయింది. అప్పటికి ఆ పాస్టరుగారికి తాడేపల్లిగూడెం బదిలీ అయింది. కొత్తాయన అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనే మనిషి. నేనిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చర్చి రిజిస్టరు చూసి, "అయిదుగురు బిడ్డల తల్లి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేవబోయాను. నాకంటే ముందు మా అత్త లేచింది.

"ఏవండీ," అంది, "మా అక్కని వదిలేశారండి."