బతికున్న ముసాంగు చచ్చిందన్న మనిషి

మూంగా తల్లి గనక ఊరంతా ఆమెను బినా మూంగా అని పిలిచేవారు. జాంబెజి నది ఒడ్డున ప్రతి పొదా ఆమెకు తెలుసు. ఆకు రాలిపోయినా సరే, బెరడు తడిమి, వేరు వాసన చూసి పేరు చెప్పేది. వానాకాలంలో గాదెలు ఖాళీ అయ్యాక ఆడవాళ్ళు ఏ ఆకు వండాలన్నా ముందు ఆమె గుమ్మానికే తెచ్చేవారు. ఆమె "ఊఁ" అంటే కుండలోకి, "ఛీ" అంటే పెంటలోకి. ఆ గొప్పంటే ఆమెకు ప్రాణం. నోరు మాత్రం మంచిది కాదు. తెలియనివాళ్ళను ఏడిపించందే చెప్పేది కాదు.

మొగుడు సియాంకోండో పైన మిట్ట ఊరి నుంచి చూల్వెను రెండో పెళ్ళాంగా తెచ్చుకున్నాక ఆ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆ పిల్లను పుట్టింటికి తరిమేదాకా సంకటి సయించదన్నట్టుండేది.

ఆ ఏడు వానల్లో ఒక పొద్దున చూల్వె గొడ్డలి పట్టుకొని వచ్చింది.

"అక్కా, చేలో ఆ చెట్టు ఎండిపోయింది. చుట్టూ పచ్చగా ఉంటే దానికొక్కదానికే ఆకు లేదు. పొయ్యిలోకి కొట్టుకోనా?"

అది ముసాంగు. వానలకు ఆకు దులుపుకొని ఎండలకు చిగురించడం దాని తిక్క. మిట్ట మీద పెరిగిన పిల్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"కళ్ళు లేవటే? ఎప్పుడో చచ్చింది. కొట్టుకో," అంది బినా మూంగా.

కాసేపటికి పిల్ల మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. "లోపల తడిగా ఉందక్కా!"

"వానలో నానిన చెట్టు తడిగా ఉండక? మీ మిట్ట మీద వానలు పడవా ఏం? ఫో!"

సాయంత్రం కూలిన చెట్టును చూసి సియాంకోండో వీరంగం వేశాడు. "ఎండల్లో మన మేకలు దీని కాయలు తినే కదే బతికేది! చచ్చిందని ఎవరు చెప్పారే నీకు?"

"అక్కే," అంది చూల్వె ఏడుస్తూ.

ఇరుగుపొరుగు మూగారు. పక్కింటి మిజింగా మూతి తిప్పింది. "అయ్యో, బినా మూంగాకి ముసాంగు కూడా ఆనడం లేదే! ముసలైపోయింది పాపం."

పొరపాటైందంటే సరిపోయేది. మొగుడు నాలుగు తిట్టి ఊరుకునేవాడు. కానీ ఆ "పాపం" ఆమెకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"నాకు తెలియదా! బతికుందని తెలుసు. తెలిసే చెప్పాను!"

మూగినవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు జారుకున్నారు. మొగుడు తిట్టనైనా తిట్టలేదు. చూల్వె ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూసింది.

ఆ తర్వాత ఆమె గుమ్మానికి ఒక్క ఆకూ రాలేదు. గాదెలు అడుగంటాయి, పిల్లలు ఆకలికి గోలపెట్టారు. చివరికి ఒకనాడు మిజింగా, ఇంకొందరు ఆడవాళ్ళు పొద ఆకు గంపతో తెచ్చి ఆమె ముందు పెట్టారు. బినా మూంగాకు ప్రాణం లేచొచ్చింది. ఆకు నలిపి వాసన చూసింది.

"మంచిదే. బాగా ఉడికించి వండుకోండి."

గంపను ఎవరూ ఎత్తలేదు.

"ముందు నువ్వు తిను," అంది మిజింగా.

"పచ్చి ఆకా? చేదే, మింగుడు పడదు!"

"తిను. మేం చూస్తాం."

అవమానంతో ఆమె చెవులు మండిపోయాయి. అయినా గుప్పెడు ఆకు నోట్లో పెట్టుకొని నమిలింది. ఆమెకేమవుతుందో చూద్దామని ఆడవాళ్ళు గంప చుట్టూ చతికిలబడ్డారు. చూల్వె కూడా వచ్చి కూర్చుంది.