పడవలో వచ్చిన తెల్లగడ్డం మనిషి

కువైట్‌లోని రుమైథియాలో నేను పనిచేసిన ఇంట్లో మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ తలుపులు వేసుకుని పడుకునేవాళ్లు. ఏసీ చప్పుడు తప్ప ఇంకో శబ్దం ఉండేది కాదు. తెరల సందుల్లోంచి పడే ఎండ తివాచీ మీద నెమ్మదిగా జరుగుతూ ఉండేది. ఆ వేళ మెలకువగా ఉండేది ఇద్దరమే, నేనూ పెద్ద మామా.

పనివాళ్లం ఇంటామెను మామా అంటాం. ఆమె అత్తగారు కాబట్టి ఈమె పెద్ద మామా. ఆవిడను చూసుకోవడమే నా పని. స్నానం చేయించడం, మందులివ్వడం, తల దువ్వి జడ వేయడం, నమాజు వేళకు కుర్చీ సర్దడం. ఆవిడ కళ్లు అప్పటికే బాగా మసకబారాయి. మనుషులు రంగుల ముద్దల్లా కనిపించేవాళ్లట. నేను నీలం గౌను వేసుకుని గదిలోకి వెళితే "నీలం వచ్చిందా?" అని నవ్వేది. మామూలుగా అయితే బింతీ అని పిలిచేది, అమ్మాయీ అన్నట్టు.

కాలేజీలో చదివే మనవరాలు హాల్లోని పెద్ద టీవీలో ఒక చైనా సీరియల్ చూస్తుండేది. పాతకాలం రాజులు, కత్తులు, కొండల మీద గురువులు. ఆ పిల్లకు పరీక్షలొచ్చి మేడ మీద గదిలో కూర్చుంటే, టీవీ దానంతటదే ఒక భాగం తర్వాత ఇంకో భాగం వేసుకుంటూ పోయింది. ఒక మధ్యాహ్నం పెద్ద మామాను హాల్లో కూర్చోబెట్టి కాళ్లకు నూనె రాస్తున్నాను. ఆవిడ తెర వైపు మొహం తిప్పింది.

"అదేంటి, తెల్లగా ఎగురుతోంది? పక్షా?"

"లా మామా, పక్షి కాదు, మనిషి."

"మనిషి ఎగురుతాడా?"

నేను చూశాను. వెదురు చెట్ల కొసల మీద ఒకడు నడుస్తున్నాడు. ఆకు కూడా వంగడం లేదు. "వీళ్లు ఎగురుతారు మామా" అన్నాను. "అయితే ఉంచు" అంది.

తెర మీద వాళ్లు చైనా భాషలో మాట్లాడతారు. కింద అరబీ అక్షరాలు వస్తాయి. పెద్ద మామాకు అవి కనిపించవు, నాకు చదవడం రాదు. నాకు వచ్చిన అరబీ అంతా వంటింట్లోనూ స్నానాల గదిలోనూ నేర్చుకున్నది. కడుగు, తుడువు, వేడి, చల్లన, తీసుకురా. పగకు, శపథానికి, సింహాసనానికి నా దగ్గర మాటల్లేవు. ఖడ్గాన్ని "పెద్ద కత్తి, ఉల్లిపాయలది కాదు" అన్నాను. రాజు వస్తే ఏమనాలో తెలియక, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమానిని అనే మాటతో "వీడు అందరికీ కఫీల్" అన్నాను. ఆ మాటకు పెద్ద మామా నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. మంచినీళ్లు తాగి, "సరే, ఆ కఫీల్ ఏం చేస్తున్నాడో చెప్పు" అంది.

అప్పటినుంచి రోజూ అదే మా పని. నేను చూస్తాను, ఆవిడ వింటుంది. కథ నాకు తోచినట్టు చెప్పేదాన్ని. తెలియని చోట తెలియదనేదాన్ని. "ఏమై ఉంటుందో నువ్వే అనుకో" అనేది ఆవిడ. అందులో మగవేషం వేసుకుని ఊళ్లు తిరిగే ఒక అమ్మాయి ఉంది. చిన్నప్పుడు ఆమె ఇల్లు తగలబడింది. అది మాటలు రాకున్నా అర్థమైంది, ఎందుకంటే ఆ మంట మళ్లీ మళ్లీ చూపించేవాళ్లు. ఇంకొకాయన ఉన్నాడు, తెల్లబట్టలు, తెల్లగడ్డం. పొగమంచు కమ్మిన నది మీద పడవలో నిలబడి వస్తాడు. తెడ్డు వేసేవాడు ఉండడు. పడవ దానంతటదే వస్తుంది. ఒడ్డున ఉన్న ఆ అమ్మాయిని చూసి, చూపు తిప్పుకోలేక, పడవ దిగకుండానే వెనక్కి పోతాడు.

"ఎవరతను?" అంది పెద్ద మామా.

"వాళ్ల నాన్న అనుకుంటా మామా. తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటున్నాడు. దొరికింది గానీ చెప్పలేకపోతున్నాడు."

 ఆవిడ ఆ ఒక్క ముక్క మళ్లీ పెట్టమంది. ఆ తెలుపు, ఆ బూడిదరంగు నీళ్లు ఆవిడకు కొంచెం కనిపించాయేమో, తెర వైపు వంగి కూర్చుంది. తర్వాతి రోజుల్లో కూడా కథ మొదలుపెట్టే ముందు పడవ పెట్టమని అడిగేది.

ఆ సీరియల్ గొప్పంతా దాని నిదానంలో ఉంది. పెంకుల అంచు నుంచి ఒక్క వాన చుక్క రాలడాన్ని తీరిగ్గా చూపించేవాళ్లు. ఒకామె టీ పోస్తే ఆ ఆవిరి పైకి పోయి కలిసిపోయేదాకా ఆగేవాళ్లు. కొట్లాట కూడా కొట్లాటలా ఉండేది కాదు, ఇద్దరు కలిసి ఏదో మర్చిపోయిన ఆటను గుర్తు చేసుకుంటున్నట్టు ఉండేది. ఎర్రటి పెళ్లి ఊరేగింపు మంచులో పోతుంటే పెద్ద మామా "ఎరుపు! ఎరుపు పోతోంది!" అని పిల్లలా చేయి చాపింది. కళ్లు సరిగా లేని మనిషికి కూడా ఏదో ఒకటి దక్కేలా తీశారు దాన్ని.

కానీ చిరాకులూ తక్కువ కావు. ఆ అమ్మాయి తలకు గుడ్డ చుట్టుకోగానే ఊరంతా ఆమెను మగవాడే అనుకుంటుంది. ఆ నడక, ఆ మొహం చూస్తే నాకే తెలిసిపోతుంటే, పక్కన కూర్చుని తినే స్నేహితుడికి తెలియదట! విషం తాగినవాడు నోట్లోంచి నెత్తురు కారుతున్నా మాట్లాడుతూనే ఉంటాడు, చావడు. "ఇంకా మాట్లాడుతున్నాడా?" అనేది పెద్ద మామా. ఇక వాళ్ల బట్టలు. బురదలో పొర్లి లేచినా మరక ఉండదు. ఇంతమంది తెల్లబట్టల వాళ్లకు ఉతికేదెవరని నేను ప్రతి భాగంలోనూ వెతికాను. ఒక్క మనిషీ కనబడలేదు. ఆ మాటే అంటే పెద్ద మామా నా తల మీద చేయి వేసి, "ఉండే ఉంటుంది బింతీ. వెనక వసారాలో ఉంటుంది. కెమెరా అక్కడిదాకా పోదు" అంది.

అలా ఉండగా ఇంట్లోకి కొత్త వంటమనిషి వచ్చింది. కడప పిల్ల, ముస్లిం. నాకంటే చిన్నది. మాది రాయచోటి పక్క పల్లె అని తెలిసి మొదటి రోజే "అక్కా" అంది. ఒక మధ్యాహ్నం టీ తెచ్చి, ట్రే పట్టుకుని అట్లాగే తెర ముందు నిలబడిపోయింది.

"ఏం మే, నిలబడినావు?"

"ఈ అచ్చరాలు నాకు తెలుసక్కా. చిన్నప్పుడు ఖురాన్ చదివించినారు మా నాయన. అర్థం తెల్దు గానీ చదువుతా."

"అయితే చదువు మే, చూద్దాం."

ఆ పిల్ల చదవబోయి ఆగిపోయింది. "పైనా కిందా గీతలు లేవక్కా. ఖురాన్‌లో ఉంటాయి. ఇవి లేకుంటే యాడ ఏ పలుకో ఎట్ల తెలుస్తాది? పైగా గబగబా పోతాండాయి."

నేను రిమోట్‌తో బొమ్మను ఆపాను. ఆ పిల్ల కూడబలుక్కుని ఒక్కో మాటా పలికింది. పెద్ద మామా చెవి ఒగ్గి విని, తప్పు పలుకు దిద్ది, మళ్లీ అనిపించి, ఒక్కసారిగా "ఆఁ!" అంది. ఆవిడకు అర్థమైంది. దాన్ని నాకు తెలిసిన చిన్న చిన్న మాటల్లోకి మార్చి చెప్పింది. నేను తెలుగులో ఆ పిల్లకు చెప్పాను. తాను చదివింది ఏమిటో అప్పుడు తెలిసి ఆ పిల్ల నోరు తెరిచింది. "అల్లా! నేను చదివింది ఇదా!"

ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ కలలాగే అనిపిస్తుంది. ఒకరికి కళ్లు, ఒకరికి అక్షరాలు, ఒకరికి అర్థం. ముగ్గురం కలిస్తే ఒక మనిషి చూసినట్టు ఉండేది. ఒక భాగం చూడటానికి రెండు మూడు మధ్యాహ్నాలు పట్టేది. మాకు తొందరేముంది?

నేను చెప్పిన కథలో చాలా తప్పులు బయటపడ్డాయి. నేను అక్కాచెల్లెళ్లనుకున్నవాళ్లు సవతులు. నేను దొంగ అనుకున్నవాడు వైద్యుడు. ప్రతిసారీ ముగ్గురం నవ్వుకునేవాళ్లం. ఆ తర్వాత పడవ మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి పడవ దిగి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి మాట్లాడాడు. వంటపిల్ల ఉత్సాహంగా చదివింది. పెద్ద మామా చేతిలో తిరుగుతున్న తస్బీ జపమాల పూసలు ఆగిపోయాయి.

"మళ్లీ చదువు."

ఆ పిల్ల మళ్లీ చదివింది, ఇంకా స్పష్టంగా. పెద్ద మామా నా వైపు తిరిగి, "ఇల్లు కాల్చింది ఇతనేనట. అందర్నీ చంపింది ఇతనేనట. నాన్న కాదు" అంది. కాసేపటికి "ఖలాస్, ఆపేయ్" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లు టీవీ పెట్టమనలేదు. మధ్యాహ్నాలు గోడ వైపు తిరిగి పడుకునేది. అడిగినదానికి మాత్రం జవాబిచ్చేది. వంటింట్లో ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను చదవకుంటే బాగుండక్కా. ఆయమ్మ అట్ల పండుకుంటే నాకు అన్నం దిగడంల్యా."

"నువ్వు రాసినావా మే ఆ మాటలు? ఎప్పుడో ఒకప్పుడు తెలిసేదే" అన్నాను.

ఒకరోజు దుమ్ము లేచింది. కువైట్‌లో అలాంటి రోజున పగలే ఆకాశం నారింజరంగుకు తిరుగుతుంది. ఎదురింటి గోడ కనబడదు. కిటికీల సందుల్లో తడిగుడ్డలు పెట్టి వచ్చేసరికి పెద్ద మామా లేచి కూర్చుని ఉంది. గది నిండా ఆ రంగు వెలుగే.

"మా నాన్న ఓడల మీద మీ దేశం వెళ్లేవాడు" అంది, ఏదో మధ్యలో ఆపిన మాట అందుకున్నట్టు. "ఇక్కడినుంచి ఖర్జూరాలు, అక్కడినుంచి బియ్యం, కలప. ఓడలొచ్చే కాలంలో ఆడవాళ్లం, పిల్లలం ఒడ్డుకు పోయేవాళ్లం. ఒక ఏడు ఓడ వచ్చింది, నాన్న రాలేదు. నేను చాలా చిన్నదాన్ని. ఆయన మొహం గుర్తులేదు. పడవలో తెల్లగా నిలబడి ఉండటం ఒక్కటే గుర్తు."

నేను ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"నువ్వు అన్నావు చూడు, కూతుర్ని వెతుక్కుంటున్నాడని. ఆ మాట నాకు బాగుంది. కథ అని తెలుసు. అయినా బాగుంది." కాసేపు బయట గాలి చప్పుడు విని, మళ్లీ అడిగింది. "నువ్వు అతని మొహం చూశావు కదా. చెడ్డవాడిలా ఉందా?"

ఆవిడ కోసం అబద్ధం చెప్పాలనిపించలేదు. చెప్పనక్కర్లేకపోయింది కూడా. ఆ మొహాన్ని తలుచుకున్నాను. "లా మామా. ఏడుపు ఆపుకున్న మనిషిలా ఉంది."

"అయితే పెట్టు. చివరికి ఏమవుతాడో చూద్దాం. ఆ పిల్లనూ పిలువు."

చివరి భాగాలు నిజంగా బాగాలేవు. అంత నిదానంగా నడిచిన కథకు ఎవరో వెనకనుంచి యల్లా, యల్లా, పదండి పదండి అని తరిమినట్టు అయిపోయింది. అన్నాళ్లూ చెడ్డగా ఉన్న రాజు ఒక్క ఉపన్యాసంతో మంచివాడైపోయాడు. అమ్మాయి స్నేహితుడు నీళ్లు తెస్తానని వెళ్లి మళ్లీ కనబడలేదు. తీసినవాళ్లే వాణ్ణి మర్చిపోయారు. తెల్లగడ్డం ఆయన ఆ పని ఎందుకు చేశాడో రెండు ముక్కల్లో చెప్పించి ఊరుకున్నారు, అదీ మాకు ముగ్గురికీ నమ్మబుద్ధి కాలేదు. "రాసినవాడికి తెలిసినట్టు లేదు. ఆడినవాడికి తెలుసు" అంది పెద్ద మామా. అతని మొహాన్ని ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. నేను చెప్పినదాన్ని బట్టే అలా అంది.

కానీ ఆఖరున ఒకచోట మాటలు ఆగిపోయాయి. మంచు పడుతోంది. ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు. ఆ అమ్మాయి కత్తి ఆయన గొంతు దగ్గర ఉంది. కింద అక్షరాలు లేవు. వంటపిల్ల చదవడానికి ఏమీ లేక నా వైపు చూసింది.

"కత్తి దించింది మామా. వెనక్కి తిరిగింది. పోతోంది."

"అతను?"

"లేవడం లేదు. భుజాల మీద మంచు పడుతోంది. దులుపుకోవడం లేదు."

పెద్ద మామా కళ్లలోంచి నీళ్లు కారి చెంపల ముడతల్లో నిలిచాయి. తుడవబోతే వద్దంది. అప్పుడే మేడ దిగి వచ్చిన మనవరాలు కంగారుపడి, నానమ్మకు ఏమైందని నన్ను అడిగింది.

"ఆ ముసలాయన కోసం ఏడుస్తోంది" అన్నాను.

"వాడి కోసమా? నానమ్మా, వాడే కదా అందర్నీ చంపింది!"

"తెలుసు" అంది పెద్ద మామా. "వెళ్లి చదువుకో."

ఆ సాయంత్రం ఆవిడ ఎన్నాళ్లకో వంటింటిదాకా నడిచి వచ్చింది, నా చేయి పట్టుకుని. పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, వంటపిల్లకు అక్షరాల మీద గీతలు లేకపోయినా ఎలా పలకాలో చెప్పడం మొదలుపెట్టింది. మసాలా వాసనలో ఒకరు మాట అంటే ఇంకొకరు తిరిగి అనడం. ఆ పాఠం ఆ తర్వాత రోజూ సాగింది.

కొంతకాలానికి పెళ్లయి వెళ్లిన ఆ ఇంటి పెద్ద మనవరాలికి కవలలు పుట్టారు. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఆమె భర్త పేరు మీదికి మార్చి నన్ను అర్దియాలోని వాళ్లింటికి పంపించారు. ఇక్కడ టీవీలో పిల్లల బొమ్మలు తప్ప ఏమీ రావు. వంటపిల్ల మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు ఆ పిల్లకు అరబీ చదివితే అర్థం కూడా తెలుస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది.

మొన్న చేసినప్పుడు నేను మిద్దె మీద పిల్లల బట్టలు తీస్తున్నాను.

"ఏం చేస్తాండారు మే?"

"ఇంగోటి పెట్టినామక్కా, అదీ చైనాదే. ఇదీ సాగదీస్తాండారు. ఇప్పుడు ఒగడు గుర్రం మీద వస్తాండాడు. యాడికో తెల్దు. ఉండు, ఆయమ్మ పిలుస్తాంది."

ఫోన్ ఎక్కడో పెట్టి వెళ్లింది, కట్ చేయడం మరిచిపోయింది. గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. తర్వాత ఆ పిల్ల గొంతు, తడుముకోకుండా చదువుతోంది. మధ్యలో పెద్ద మామా ఏదో అడిగింది. ఆ పిల్ల తెర మీదున్నది చెప్పింది. పెద్ద మామా నవ్వింది. నేను గోడ నీడలో కూర్చుని, ఎండకు వెచ్చబడిన చిన్న చిన్న చొక్కాలు ఒక్కొక్కటే మడతపెడుతూ, ఆ గుర్రం ఎంత దూరం పోతుందో వింటూ ఉండిపోయాను.