సందు కింద ఎర్రమూటలు

మార్కాపురం అంటే పలకలనీ, పలకంటే సాక్షాత్తూ సరస్వతి అనీ సభల్లో చెప్పేవాళ్లకు కొదవ లేదు. బాషాబీ ఉండే పేటలో మాత్రం పలకంటే కాలికి గుచ్చుకునే రాయి. ఒకప్పుడు పల్లంగా ఉన్న ఆ పేటను పలకల ఫ్యాక్టరీల తుక్కు తోలి చదును చేశారు. జానెడు లోతు తవ్వితే అక్కడ మన్ను రాదు, నల్లటి పలకముక్కలు వస్తాయి. మునగకొమ్మ నాటాలన్నా గడ్డపార కావాల్సిందే. ఈ సంగతి పేటలో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. తెలిసిన సంగతి అవసరానికి ఎవరికీ గుర్తుకు రాకపోవడం వల్లనే ఇదంతా జరిగింది.

బాషాబీ సేమ్యా చేస్తుంది. యాభై దాటిన మనిషి. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి చేతిమిషను మీద పని నేర్చుకుంది. ఒకరు పిండిముద్ద పెట్టాలి, ఒకరు పిడి తిప్పాలి, ఒకరు కింద దారాల్లా దిగే సేమ్యాను కర్రల మీదికి ఎత్తి ఎండకు వెయ్యాలి. రంజాన్ నెల వస్తే పేటకంతా ఆమె సేమ్యానే. పెళ్లిళ్ల రోజుల్లో బేస్తవారిపేట నుంచి కూడా వచ్చి పట్టుకుపోతారు. పిడి తిప్పీ తిప్పీ కుడిభుజం పట్టేసిన ఏడాది ఆమె మోటారు మిషను కొనాలనుకుంది. భర్త ఖాలిద్ వద్దన్నాడు. బస్టాండు దగ్గర అతనికి వాచీలు బాగుచేసే దుకాణం ఉంది. ఆవగింజంత పళ్లచక్రాలతో బతుకు గడిపినవాడికి అంత లావు మోటారు మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? బాషాబీ అతను చెప్పిందంతా విన్నది, తలూపింది, మిషను కొన్నది.

ఇంట్లో పెట్టి చూశారు గాని, అది తిరుగుతుంటే అల్మారాలో గ్లాసులు కూడా నడవడం మొదలుపెట్టాయి. సందుకు అవతల వాళ్లదే ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో కట్టెలు వేసుకునేవాళ్లు. కట్టెలు తీసి, సున్నం కొట్టి మిషను అక్కడ దించారు. మిషను షెడ్డులో, మీటరు ఇంట్లో, మధ్యలో సందు. చిక్కంతా ఇక్కడే.

బాషాబీ తమ్ముడు జిలాని ఎలక్ట్రీషియన్. ఇంటి పిట్టగోడకు ఒక ఇనుపగొట్టం, షెడ్డుకు ఒకటి బిగించి తీగను పైనుంచే లాగాడు. ఇంత ఎత్తులో ఏనుగు పోయినా తగలదన్నాడు. ఆ సందులో ఏనుగులు తిరగవు. తిరిగేది పక్కింటి కాశన్న బర్రెలకు జొన్నచొప్ప తెచ్చే ట్రాక్టరు. దాని డ్రైవరుకు ఇంకో రెండు మోపులు ఎక్కించనిదే మనసు నిమ్మళించదు. చొప్ప తీగను పట్టుకుని లాక్కుపోయింది. జిలాని గొట్టాలు పొడుగు చేశాడు. మరుసటి కోతలకు చొప్ప కూడా పొడుగైంది. రెండోసారి తెగిన తీగ ట్రాక్టరు మీదే పడింది. ఇంట్లో బ్రేకర్ టక్కున పడిపోబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ రోజు ఖాలిద్ మొహంలో నెత్తురుచుక్క లేదు. కురిచేడులో ఎవరో ఇట్లాంటి మిషను కోసం చూస్తున్నారనీ, ఈ కరెంటు ఇంకోసారి తెగితే మిషను అటు పోతుందనీ, అటక మీది చేతిమిషను కిందికి దిగుతుందనీ నెమ్మదిగా చెప్పాడు. బాషాబీని భయపెట్టింది ఆ నెమ్మదే. అరిచే మొగుడు అరిచి ఊరుకుంటాడు. ఖాలిద్ అరవడు, అన్నమాట తప్పడు.

ఈసారి భూమిలోంచి పోదామన్నాడు జిలాని. పని మాత్రం పద్ధతిగానే చేశాడు. ఇనుపతీగ చుట్టిన కేబుల్ తెచ్చాడు. రెండడుగుల లోతు కాలవ తీయించి, అడుగున ఇసుక పోసి, కేబుల్ పరిచి, మళ్లీ ఇసుక పోశాడు. షెడ్డు దగ్గర విడిగా గుంత తీసి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ దింపాడు. ఆ గుంత ఎండిపోకూడదని చెప్తే, బాషాబీ రోజూ బియ్యం కడిగిన నీళ్లు తులసికోటకు పోసినంత శ్రద్ధగా దానికి పోసేది. ఇవన్నీ ఎవరైనా చేసేవే. జిలాని సొంత తెలివి చివర్లో బయటపడింది. ఇసుక మీద వరసగా పెద్ద పెద్ద పలకలు పరిచాడు.

"ఇంకోచోటైతే ఇటుకలు పెడతారు. మనకు పలకలుండంగా ఇటుకలెందుకు ఆపా? రేపు ఎవడన్నా తవ్వినాడనుకో, గడ్డపారకు పలక తగుల్తాది. ఏందబ్బా ఇది అని ఆగుతాడు," అన్నాడు అక్కతో.

అందరూ భేష్ అన్నారు. ఖాలిద్ అయితే వంగి, వంకరగా ఉన్న రెండు పలకలను తనే సరిచేశాడు. పైన మట్టి కప్పి జిలాని ఒక రేకు బోర్డు కూడా పాతాడు. దాని మీద పుర్రె, ఎముకలు, ప్రమాదం అన్న మాట. వారం తిరిగేసరికి అది కాశన్న ఇంట్లో కుడితితొట్టికి మూతైంది. పుర్రె బొమ్మ ఉన్నందుకు కుక్కలు మూతి పెట్టవని కాశన్న భార్య దాసమ్మ చెప్పింది.

చలికాలమంతా మిషను హాయిగా తిరిగింది. రంజాన్ నెల వచ్చింది. ఆర్డర్ల మీద ఆర్డర్లు. సరిగ్గా అప్పుడే కాశన్న కూతురికి నిశ్చితార్థం కుదిరింది. సందులో పందిరి వెయ్యడానికి టెంట్ హౌస్ నుంచి బెన్నీ వచ్చాడు. షెడ్డులో పిండి సగం దిగుతుండగా మోటారు మూలిగి ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగింది. బాషాబీ బయటికొచ్చి చూస్తే, బెన్నీ గడ్డపార అవతల పారేసి, తను తీసిన గుంతలోకి తొంగి చూస్తున్నాడు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. బ్రేకర్ మళ్లీ తన పని తాను చేసింది. గుంత పక్కన పగిలిన పలకముక్కలు పోగుపడి ఉన్నాయి.

కబురందుకుని జిలాని పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే బెన్నీ మీద పడ్డాడు.

"నీకు పలక తగల్లేదా?"

"తగిలినాది."

"తగిలితే ఆగాల గదా?"

బెన్నీ అతన్ని ఎగాదిగా చూశాడు. "పలక తగిలినప్పుడల్లా ఆగితే ఈ మార్కాపురంలో నేను ఒక్క పందిరన్నా వేసేటోణ్ణా అన్నా?"

ముందుగా కాశన్న నవ్వాడు. ఆ వెనక బాషాబీకీ నవ్వు ఆగలేదు. పలకల నేలలో పలకను గుర్తుగా పెట్టడం, ఏట్లో నీళ్లు పోసి ఇక్కడ పోశానని చెప్పడం లాంటిది. కేబుల్ పరిచిన రోజు భేష్ అన్నవాళ్లలో ఒక్కరికీ ఇది తట్టలేదు. అంతలో ఖాలిద్ ఫోను తీసి కురిచేడు మాట్లాడటం బాషాబీ చెవిన పడింది. పండగ ఆర్డర్లు అయిపోయాక వచ్చి మిషను చూసుకోమంటున్నాడు. ఆమె నవ్వు అక్కడితో ఆగింది.

జిలాని గొణుక్కుంటూ దెబ్బతిన్న కేబుల్‌కు జాయింటు వెయ్యడానికి కూర్చున్నాడు. బాషాబీకి ఒక అనుమానం వచ్చింది. గుంజలు ఎక్కడ పాతాలో కాశన్న పొద్దున్నే సున్నంతో గుర్తులు పెట్టాడు. గుర్తు కేబుల్‌కు దూరంగా ఉంది. మరి వీడు ఇక్కడెందుకు తవ్వాడు?

బెన్నీని అడిగితే నీళ్లు నమిలాడు. చివరికి సున్నం గుర్తు దగ్గరికి తీసుకుపోయి, సగం తీసి వదిలేసిన గుంత చూపించాడు. అందులో ఎర్రగుడ్డ మూట, దానికి నల్లదారం, పక్కన ఎండిన నిమ్మకాయ.

"అది కనపడినాక ఎవరు తవ్వుతారక్కా? నాకు పిల్లలున్నారు," అన్నాడు. మెడలో శిలువ వేలాడుతోంది. నిమ్మకాయకు భయపడటానికి అదేమీ అడ్డం రాలేదు. ఈ విషయంలో మన ఊళ్లలో మతసామరస్యానికి లోటు లేదు.

బాషాబీ ఆ మూటను చాలాసేపు చూసింది. ఇనుపకేబుల్ ఆపలేని గడ్డపారను, పలక ఆపలేనిదాన్ని ఇంత గుడ్డపేలిక ఆపింది. ఆమె లేచి ఇంట్లోకి పోయి ట్రంకుపెట్టెలోంచి పాత ఎర్రలంగా ఒకటి తీసింది.

కత్తెరతో ముక్కలు చేస్తుంటే దాసమ్మ గోడ మీదుగా చూసి, ఏందని అడిగి, సంగతి విని, కాసేపు నసిగింది. చివరికి అటూ ఇటూ చూసి ఆ మూట తనదేనని ఒప్పుకుంది. బర్రె పాలు తగ్గిస్తే ఎవరో చెప్పారని పాతిపెట్టిందట. బర్రె తర్వాత కూడా పాలు పెంచలేదు. అది వేరే సంగతి. ఒప్పుకున్న తర్వాత దాసమ్మకు ఉత్సాహం వచ్చింది, గోడ దాటి ఈ పక్కకే వచ్చి కూర్చుంది.

"వట్టి ఎర్రగుడ్డ చూసి ఎవరూ జడవరు బాషమ్మా. నల్లదారం ఏడు చుట్లు తిప్పాల. లోపల ఏందో గలగలమనాల."

గలగలకు పగిలిన గాజులు వేశారు, పక్కన పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చారు. జిలాని జాయింటు దగ్గరనుంచే ఇదంతా విని, తాను ఐటిఐ చదివినవాడిననీ, తన కేబుల్ మీద చేతబడి మూటలు పెడితే రేపు తోటివాళ్ల ముందు తలెత్తుకోలేననీ అన్నాడు. తలెత్తుకోవద్దు, గుంత తీస్తే చాలంది అక్క.

ఖాలిద్‌తో అంత తేలికగా కాలేదు. ఉపవాసాల నెలలో ఈ పాడుపనులేమిటని అడిగాడు. బాషాబీ మూట కడుతూనే జవాబు చెప్పింది.

"నేను దయ్యాలను నమ్మేది లేదు. తవ్వేటోడు నమ్ముతాడు. వాడు ఆగితే నాకు చాలు."

ఖాలిద్ ఆమె పక్కన కూర్చున్నాడు. మూటలను ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. నిమ్మకాయ రెండు నెలల్లో కుళ్లిపోతుందన్నాడు. బయటికి పోయి, దుకాణంలో ఎవరూ తీసుకుపోని పాత వాచీలు గుప్పెడు తెచ్చి ఆమె ముందు పోశాడు. ఒక్కో మూట పైన ముల్లు ఆగిపోయిన ఒక్కో వాచీ కట్టారు. చూడ్డానికి నిజంగానే ఒళ్లు జలదరించింది. దాసమ్మ అయితే ఇంక వాటిని ముట్టుకోనంది. పాత పలకల మీద, గజానికొకటి చొప్పున మూటలు పెట్టి మట్టి కప్పారు. ఇంత చేసినా కురిచేడు మనిషిని రావద్దని మాత్రం ఖాలిద్ అనలేదు. వాచీ బాగైందో లేదో నడిచి చూపించాలి, చెప్తే చాలదు. అతని పద్ధతి అది.

పండగ దాటింది. ఆర్డర్లన్నీ పోయాయి. కురిచేడు మనిషి రేపు వస్తాడనగా, మంచినీళ్ల పైపు వెయ్యడానికి సందులోకి జేసీబీ వచ్చింది. బాషాబీ షెడ్డులో ఉంది. మిషను మోతలో ఆమెకు ముందు వినపడలేదు. ఉన్నట్టుండి కేకలు వినపడి బయటికి పరిగెత్తింది. జేసీబీ ఇంజను ఆగి ఉంది. తవ్విన కాలవలో ఎర్రమూట, దాని మీద వాచీ. డ్రైవరు సీటులోంచి దిగి అంత దూరాన నిలబడ్డాడు. మేస్త్రీ చెప్పులు విడిచేశాడు.

"ఇది ఎవరిదమ్మా?" అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి.

బాషాబీకి గర్వం పొంగింది. ఆ గర్వంలో నిజం చెప్పేసింది. "కింద మా కరెంటు కేబుల్ ఉన్నాది నాయనా. గుర్తుకు పెట్టినాం."

మేస్త్రీ గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. "కరెంటేనా? సచ్చినామనుకున్నా గదక్కా," అని డ్రైవరు వైపు తిరిగాడు. "కరెంటేనంట. కానీయ్."

డ్రైవరు కూడా తేలికపడి నిచ్చెన మీద కాలు పెట్టాడు.  కరెంటు కంటే దయ్యానికే విలువన్న సంగతి కనిపెట్టిన బాషాబీ, ఆ విలువను తన నోటితోనే తీసేసింది. మిషను కురిచేడు ట్రాలీ ఎక్కుతున్నట్టే కనిపించింది.

"కరెంటు సంగతి సరే నాయనా," అన్నది ఒక నెమ్మదైన గొంతు. ఖాలిద్ ఇంటి అరుగు మీద నిలబడి ఉన్నాడు. "ఆ వాచీ ఎందుకు ఆగిపోయినాదో, అది అడిగినావా?"

మేస్త్రీ మళ్లీ మూట వైపు చూశాడు. ఆ తర్వాత ఖాలిద్ వైపు చూశాడు. పెద్దమనిషి, తెల్లగడ్డం, అబద్ధమాడే మొహం కాదు. డ్రైవరు కాలు నిచ్చెన మీదనుంచి దిగింది. ఇద్దరూ కూడబలుక్కుని పైపును కాశన్న గోడ వారగా పక్కసందులోకి తిప్పారు. మూట మీద మట్టి కప్పేటప్పుడు మేస్త్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వాళ్లు ముందుకు కదిలాక ఖాలిద్ ఫోను తీశాడు. మిషను అమ్మడం లేదని చెప్పాడు. అవతలివాళ్లు కారణం అడిగినట్టున్నారు. మనసు మారిందని చెప్పి పెట్టేశాడు. బాషాబీ అతని పక్కకు వచ్చి నిలబడింది. ఆమెకు కూడా అప్పటిదాకా తట్టని ప్రశ్న ఒకటి తట్టింది.

"ఇంతకీ ఆ వాచీ ఎందుకు ఆగిపోయినాది?"

"బ్యాటరీ లేదు," అన్నాడు ఖాలిద్.