గోడకు చెప్పని మత్లబ్

మా చిన్నతనంలో ఎల్లారెడ్డిలో చదువంటే చప్పుడే... ఎంత గట్టిగా, ఎంత వేగంగా చదివితే అంత బాగా వచ్చినట్టు లెక్క. మా అన్న రాజయ్య అరుగు మీద కూర్చుని ఉర్దూ కితాబు చదువుతుంటే నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. అవ్వ... అంటే మా అమ్మ... రొట్టెలు చేస్తూ మురిసిపోయేది. ఆమెకు అందులో ఒక్క ముక్క తెలియదు... నాకూ తెలియదు. నైజాం కాలం అది. బడిలో చదువంతా ఉర్దూలో, ఇంట్లో మాటంతా తెలుగులో.

అప్పుడు అన్నకు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. పై చదువుకు కామారెడ్డి బడిలో చేరాలంటే అక్కడికి వెళ్ళి ఇమ్తిహాన్, అదే పరీక్ష, ఇవ్వాలి. ఎన్నడూ చూడని పాఠం ఒకటి చేతికిచ్చి చదవమంటారు. తర్వాత కితాబు మూయించి, దాని మత్లబ్... అంటే చదివినదాని సారం... చెప్పమంటారు.

మా నాన్న, బాపు, ముందే తేల్చేశాడు.

"పాసైతే బండి కట్టి నేనే దిగవెట్టొస్త. కాకుంటే వానలకు నాగలి పట్టాలె. నడుమ ఇంకో తొవ్వ లేదు."

అన్న తల ఊపాడు. అతనికి నాగలంటే భయం లేదు... చదువంటే ఆశ ఉంది, అంతే.

ఒకరోజు అన్నకు చదువు చెప్పే మౌల్వీ సాబ్ మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, కొత్త పాఠం ఒకటి చదివించారు. ఎవరో సౌదాగర్, అంటే వర్తకుడు, అతని ఒంటె, దారిలో వాన... అన్న గడగడా చదివేశాడు.

"ఇగ కితాబు మూసి చెప్పు. ఏమైంది?"

"ఒంటె ఉన్నది సాబ్."

"ఇంక?"

"ఒంటె... ఉన్నది."

లోపలి నుంచి అవ్వ అందుకుంది. "ఒంటె ఉన్నది సరే కొడుకా, దాన్ని పట్టుకున్న మనిషన్న ఉన్నడా?"

మౌల్వీ సాబ్ నవ్వలేదు. "ఇది చిలుక చదువు. కామారెడ్డిల ఇది నడువది" అన్నారు. పక్కన జొన్నలు చెరుగుతున్న నా వైపు చూశారు.

"ఈ పిల్లకు ఉర్దూ రాదు గదా. ఒక్కో పాఠం చదివి, కితాబు మూసి, ఈమెకు తెలుగుల చెప్పు. ఈమె ఐదు మాటలడుగుతది. ఎవరు, ఎక్కడ, ఎందుకు, తర్వాత ఏమైంది, ఆఖరుకు ఏమైంది. ఒక్కో జవాబుకు రెండు నంబర్లు, సగమే చెప్తే ఒకటి. ఈమెకు సమజైతేనే నీకు సమజైనట్టు."

మెట్లు దిగుతూ ఇంకో మాట చెప్పారు. "తర్వాత అదే మత్లబ్ ఉర్దూల చెప్పాలె. వినేటోళ్ళు లేకుంటే గోడకు చెప్పు. మర్వకు."

నాకు అప్పటి నుంచే ప్రతిదీ గీత గీసి పెట్టుకునే అలవాటు. ధాన్యం గుమ్మి వెనక గోడ మీద బొగ్గుతో నంబరుకో గీత గీశాను. మొదటి రోజు పదికి రెండు. మూడు రోజులూ అంతే... తర్వాత నాలుగు. "ఎందుకు" అని అడిగితే అన్న తడబడేవాడు. మళ్ళీ కితాబు తెరిచి, ఈసారి మెల్లగా, పెదవులు కదలకుండా చదివేవాడు. ఇంట్లో చప్పుడు తగ్గింది. "పోరగాడు చదువుడు బంద్ జేసిండా ఏంది?" అని అవ్వ బెంగపడింది.

నంబర్లు ఆరు, ఏడు, ఎనిమిదికి వచ్చాయి. నాకు పండగలా ఉండేది.

పాఠం నాకు చెప్పడం అయ్యాక అన్న గోడ వైపు తిరిగి ఉర్దూలో మొదలుపెట్టేవాడు. ఒక్కో మాటకు వెతుక్కునేవాడు, ఆగేవాడు... నాకు విసుగొచ్చింది.

"అది నాకు సమజ్ కాదన్నా. నంబరెట్ల ఏయాలె? ఇంకో పాఠం చదువు."

"సాబ్ చెప్పిండు గదనే లచ్చీ..."

"గోడేమన్న నంబర్లేస్తదా?"

అన్న నవ్వి, పేజీ తిప్పాడు. ఆ రోజు నుంచి గోడకు చెప్పడం మానేశాడు. నా గీతలు మాత్రం తొమ్మిదికి చేరాయి.

ఇమ్తిహాన్‌కు బాపు, అన్న బండి మీద పోయారు. తాడ్వాయిలో ఎద్దులకు నీళ్ళు పెట్టుకుని కామారెడ్డి చేరారు. జరిగింది తిరిగొచ్చాక బాపు చెప్పాడు.

"పాఠం చదివిండు. మత్లబ్ అడిగితే తెలుగుల అంత సక్కగ చెప్పిండు... నేను తలుపు కాడ నిలబడి విన్న. నాకే సమజైంది. గా సారుకు తెలుగు రాదాయె. ఉర్దూల చెప్పుమన్నడు. వీడు నోరు తెరిచిండు... మాట రాలే. చానాసేపు సూసి, పొమ్మన్నడు."

అవ్వ అన్నం పెట్టింది. అన్న తిన్నాడు.

మర్నాడు మౌల్వీ సాబ్ వచ్చారు. "గోడకు చెప్పినవా రాజయ్యా?" అని ఒక్కటే అడిగారు.

నేను తలుపు వెనకే ఉన్నాను. అన్న నన్ను చూశాడు.

"లేదు సాబ్. నాకే బద్ధకమైంది."

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ వానలకు అన్న నాగలి పట్టాడు. మరుసటి ఏడు మళ్ళీ పోదామని ఎవరూ అనలేదు. "ఇంత చదివిచ్చి ఏం ఫాయిద, బద్ధకపోడు" అని బాపు నలుగురిలో అంటుంటే అన్న ఎద్దుల పగ్గాలు సర్దుకుంటూ ఉండేవాడు. నేను అక్కడే ఉండేదాన్ని... నోరు తెరవలేదు. బాపు పోయేదాకా అదే మాట... ఇప్పుడు అన్నా లేడు.

ఇప్పుడు నా పిల్లలు ఏ భాషలో కల కంటారో ఆ భాషలోనే ఇమ్తిహాన్ రాస్తున్నారు. ఇంట్లో అర్థమైంది బడి దాకా మోసుకెళ్ళేలోగా దారిలో ఒలికిపోవడం లేదు. వాళ్ళకు అదేదో మామూలు విషయం...

మీ ఇంట్లో మీ చదువు ఎవరు విన్నారు? వాళ్ళ వల్ల మీకేం కలిసొచ్చింది, ఏం చేజారింది... రాయండి. నా వంతు నేను రాశాను, అందరూ చదివేచోట. మా అన్న రాజయ్య బద్ధకస్తుడు కాడు.